డేరియస్ సింగిల్ సీడీలలోని అదనపు పాటల గురించి

బ్రిటన్ టీవీ గానపోటీ ‘పాప్‌స్టార్స్’లో ఎంపిక కాకపోయినా, 2002లో ‘పాప్ ఐడల్’ పోటీలో మూడో స్థానం పొంది, అదే ఏడాది తాను రచనలో పాలుపంచుకున్న ‘కలర్‌బ్లైండ్’తో బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిన గ్లాస్గో గాయకుడు డేరియస్ పాటలన్నింటినీ ఒకచోట చేర్చుకుంటున్నాను. ‘డైవ్ ఇన్’ (2002), ‘లైవ్ ట్వైస్’ (2004) ఆల్బమ్‌లు రెండూ నా దగ్గర ఉన్నాయి. నాకు చిక్కు వచ్చినదల్లా సింగిళ్ల (ఒక్క పాటను ప్రధానంగా విడిగా విడుదల చేసే చిన్న సీడీల) దగ్గరే. ‘రషెస్’, ‘ఇన్‌క్రెడిబుల్’, ‘కైండా లవ్’ వంటి సింగిళ్ల సీడీలు ఎవరి దగ్గరైనా ఉంటే, వాటిలో ప్రధాన గీతం కాక, ఆల్బమ్‌లలో చేరని పాటలు ఏమేం ఉన్నాయో అట్ట వెనుక చూసి దయచేసి తెలియజేయగలరా? ఆ పాటలను ఆయనే రాశారో లేదో కూడా చెబితే మరీ సంతోషిస్తాను. నాకు ఆయన గొంతు కన్నా రచనే ఎక్కువ ఇష్టం. 2022 ఆగస్టులో, 41 ఏళ్లకే ఆయన కన్నుమూశారు కనుక, ఉన్న కొద్దిపాటి పాటలలో ఒక్కటి కూడా జారవిడుచుకోవాలని లేదు.