ఉల్లి ధర నిజంగా ప్రభుత్వాల్ని పడగొడుతుందా?

బోయిన్‌పల్లి శీను:
ఎన్నికలొస్తే చాలు, టీవీల్లో ఉల్లి ఘాటు మొదలు. 1980లో ఇందిర గెలిచింది ఉల్లి వల్లే అంటారు. అప్పటికే జనతా పార్టీ తమలో తాము కొట్టుకుని చీలింది, ప్రధాని చరణ్ సింగ్ పార్లమెంటు ముఖం చూడకుండానే రాజీనామా చేశారు. ఇక ఉల్లిపాయ దేనికి? జనం కులం చూస్తరు, నాయకుణ్ణి చూస్తరు. ధరల మీద తిట్టుకుంటరు గానీ ఓటు దగ్గర మరిచిపోతరు.

పాతపేపర్లు:
శీను గారూ, 1998 ఢిల్లీని అంత తేలిగ్గా దాటేయకండి. కిలో యాభై దాటింది. పోలింగుకు నెలన్నర ముందు బీజేపీ తన ముఖ్యమంత్రి సాహిబ్ సింగ్ వర్మను దించి సుష్మా స్వరాజ్‌ను కూర్చోబెట్టారు. అయినా 70 సీట్లలో కాంగ్రెస్‌కు 52. ఉల్లికి భయపడకపోతే ముఖ్యమంత్రిని ఆఖరి నిమిషంలో ఎవరు మారుస్తారు?

బోయిన్‌పల్లి శీను:
మరి అప్పుడే ఎన్నికలు జరిగిన మధ్యప్రదేశ్‌లో? ఉల్లి అక్కడా మండింది. అధికారంలో ఉన్న దిగ్విజయ్ సింగే మళ్ళీ గెలిచారు. తర్వాతి ఏడాది ఢిల్లీలో ఏడు లోక్‌సభ సీట్లూ బీజేపీకే పోయినయ్.

పాతపేపర్లు:
మధ్యప్రదేశ్ నా వాదనకే పనికొస్తుంది. జనం తిట్టింది కేంద్రాన్ని, అక్కడున్నది బీజేపీ వాజ్‌పేయి, దిగ్విజయ్‌ది కాంగ్రెస్. 1999 నాటికి ఉల్లి దిగొచ్చింది, కార్గిల్ వచ్చింది.

కర్నూలు గడ్డలు:
అన్నా, మీరిద్దరూ కొనేవాళ్ళ మాటే మాట్లాడతాండారు. పండించేటోడికి ఓటు లేదా?

2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం. అక్టోబరులో టన్నుకు 800 డాలర్ల కనీస ఎగుమతి ధర, అంతకు తక్కువకు బయటి దేశాలకు అమ్మకూడదని. డిసెంబరు 8న ఏకంగా నిషేధం. ఎందుకు? లోక్‌సభ ఎన్నికల ముందు పట్నంలో ధర పెరగకూడదని. నాసిక్ రైతు నోట్లో మట్టి కొట్టి, 2024 మే 4న నిషేధం ఎత్తినారు. అక్కడ పోలింగు మే 20న! దిండోరిలో కేంద్ర సహాయ మంత్రి భారతీ పవార్ ఒక స్కూలు టీచరు చేతిలో ఓడిపోయినారు. పక్కనే నాసిక్ సీటూ పాయె. ఇదీ ఉల్లి ఓటే, కాకపోతే ధర పడినందుకు వేసింది. కిలో గడ్డలు వంద రూపాయలైతే కెమెరాలన్నీ మార్కెట్‌కు వస్తాయి, ధర లేక రైతు రోడ్డు మీద పారబోస్తే ఒకటో రెండో.

బోయిన్‌పల్లి శీను:
అదే మహారాష్ట్రను ఆర్నెల్లకే అసెంబ్లీ ఎన్నికల్లో బీజేపీ కూటమి మహాయుతి ఊడ్చేసింది కద తమ్మీ?

పాతపేపర్లు:
సెప్టెంబరులో కనీస ఎగుమతి ధర తీసేసి, సుంకం 20 శాతానికి దించాక. పైగా లడ్కీ బహిన్ పథకం కింద ఆడవాళ్ళ ఖాతాల్లో నెలకు 1500. ఇంటి ఖర్చు పట్టించుకోకుండా గెలిచారనేగా మీరనేది?

మల్కాజిగిరి పద్మ:
నాకు ఉల్లి కంటే గ్యాస్ గురించి చెప్పాలనుంది. 2023లో హైదరాబాద్‌లో బండ 1155 రూపాయలు. ఆగస్టు చివర్లో 200 తగ్గింది, నవంబరులో ఇక్కడ ఎన్నికలు. కాంగ్రెస్ వాళ్ళు 500కే ఇస్తామన్నారు. 2024 మార్చిలో ఇంకో వంద తగ్గింది, లోక్‌సభ ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి.

కానీ నా ఇంట్లో అసలు భారం అద్దె, పిల్లల ఫీజులు. వాటి మీద ఢిల్లీ నుంచి ఎవరూ మాట్లాడరెందుకు? ఉల్లికీ గ్యాసుకూ కేంద్రం చేతిలో మీట ఉంది, ఒక్క ఉత్తర్వుతో రేపటికల్లా రేటు కదులుతుంది. ఇంటి ఓనరుకు ఉత్తర్వు ఇచ్చేదెవరు? వాళ్ళు సులువుగా తగ్గించగలిగినవే ఎన్నికల్లో "ధరల సమస్య" అవుతున్నాయి.

కర్నూలు గడ్డలు:
బాగా చెప్పినావక్కా. అయితే ఆ మీట నొక్కితే డబ్బు ఎవరి జేబులోంచి పోతాదో కూడా చూడు. గ్యాస్ ధర పెంచకుండా ఆపినందుకు 2022లో ఆయిల్ కంపెనీలకు కేంద్రం 22,000 కోట్లు ఇచ్చింది. ఎగుమతి ఆపిన ఐదు నెలలకు ఉల్లి రైతుకు అట్లాంటి గ్రాంటు ఇచ్చిన కాగితం ఒక్కటి చూపించమను శీనన్నను.