ఎదుటి కారువాళ్లకు బైక్ దూరం తెలిసేలా అదనపు లైట్లు ఎక్కడ బిగించాలి?

ఎదురుగా వచ్చి మన ముందు నుంచి పక్కకు తిరిగే కారువాళ్లలో కొందరు బైక్ కనబడక కాదు, అదెంత వేగంగా వస్తోందో అంచనా దొరక్క అడ్డం వచ్చేస్తుంటారు. ఒంటి హెడ్‌లైట్ దూరం నుంచి ఒక చుక్కే. బాగా దగ్గరికొచ్చేదాకా పెద్దదవుతున్నట్టు తెలీదు. అందుకే కింద చెరోపక్క ఒక లైటు పెట్టి, హెడ్‌లైట్‌తో కలిసి త్రికోణంలా కనబడేలా చేద్దామని.

10 వాట్ల ఎల్‌ఈడీలు రెండు. రెండూ కలిపి 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు కూడా లాగవు కాబట్టి బ్యాటరీ ప్లస్ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజు. అక్కణ్నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) 30వ నంబరు పిన్నుకి, 87వ పిన్ను లైట్లకు, 86 పార్కింగ్ లైటు వైరుకు, 85 ఎర్త్‌కు. ఇక్కడిదాకా అనుమానం లేదు.

తేలనిది బిగించే చోటు. క్రాష్ గార్డ్ చివర్లో అయితే లైట్ల మధ్య ఎడం బాగా వస్తుంది, కానీ ఇంజన్ అదురుకు క్లాంపు వదులైతే లైటు పైకి తిరిగి ఎదుటివాడి కళ్లల్లో కొడుతుంది. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) కింద అయితే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా, సస్పెన్షన్ కుంగినప్పుడల్లా వైరు వంగి వంగి, పైతొడుగు బాగానే ఉన్నా లోపల తీగ తెగుతుంది. పైగా చక్రం చిమ్మే బురద.

ఫోర్క్‌కు పెట్టినవాళ్లు వైరుకు ఎంత వదులిచ్చారు, ఎక్కడెక్కడ కట్టారు? ఇండికేటర్ వెలుగు దీని కాంతిలో కలిసిపోకుండా ఎంత ఎడం ఉండాలి? పసుపా తెలుపా అన్నది తర్వాత సంగతి.