అటక మీద దొరికిన టీవీ గేమ్: బాగు చేయించాలా, కొత్త మినీ కొనాలా?

అటకమీది_పెట్టె
అందరికీ నమస్కారం. తెనాలిలోని మా పాత ఇంటిని అమ్ముతున్నాం. గత వారం అటక దులుపుతుంటే, 1996 వేసవి సెలవుల్లో నాన్నగారు కొనిపెట్టిన టీవీ గేమ్ ఒక పాత దుప్పటిలో చుట్టి కనిపించింది. తెల్లటి ప్లాస్టిక్కు పసుపుపచ్చగా మారింది. రెండు జాయ్‌స్టిక్కులు, ఒక తుపాకి, మూడు క్యాసెట్లు భద్రంగానే ఉన్నాయి గాని అడాప్టర్ మాత్రం పోయింది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడి పక్కన కూర్చుని ఒక్కసారైనా ఆడాలని నా కోరిక. దీన్ని బాగు చేయించడం మంచిదా, లేక నింటెండో వారు తమ పాత టీవీ గేమ్‌ను చిన్న పెట్టెగా మళ్లీ చేసి అమ్మిన క్లాసిక్ మినీని వెతికి కొనడం మంచిదా? ఇప్పటి ఎల్ఈడీ టీవీకి దీన్ని కలపవచ్చా? తుపాకి పనిచేస్తుందా? ఏ అడాప్టర్ వాడాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కాంట్రా_గుంటూరు
మినీ అన్న మాట వినగానే నా పాత గాయం రేగింది. రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో అచ్చం ఆ మినీలాగే ఉన్న పెట్టెను చూసి, 620 ఆటలున్నాయని మురిసిపోయి కొన్నాను. అసలు మినీ 2016 నవంబరులో వచ్చింది. దానిలో 30 ఆటలే ఉంటాయి, టీవీకి హెచ్‌డీఎంఐ తీగతో కలుస్తుంది. నాకు వచ్చిన దానికి ఎరుపు, తెలుపు, పసుపు ఏవీ (ఆడియో-వీడియో) తీగలు ఉన్నప్పుడే నేను అనుమానించవలసింది. మారియో మొదటి దశలో గుంట అంచుకు వచ్చి బటన్ నొక్కితే, రెప్పపాటు ఆగి గాని ఎగరడు. ముప్పయ్యేళ్లుగా నా బొటనవేలికి కంఠతా ఉన్న ఆ ఒక్క గెంతు తప్పిపోయి గుంటలో పడినప్పుడు నాకు నిజంగా ఏడుపు వచ్చింది. అసలు మినీ తయారీని 2017 ఏప్రిల్‌లో ఆపివేసి, 2018 జూన్‌లో మళ్లీ కొంతకాలం అమ్మారు. కాబట్టి ఇప్పుడు చవకగా దొరికే వాటిలో చాలావరకు నకళ్లేనని మనసులో పెట్టుకుని కొనండి.

బోర్డు_డాక్టర్
ఇరవై రెండేళ్లుగా బోర్డులు బాగు చేసి బతుకుతున్నవాడిని. అడాప్టర్ గురించి ఆయన అడిగితే ఎవరూ పట్టించుకోలేదు. అన్నిటికంటే ముందు చెప్పవలసింది అదే. నింటెండో జపాన్‌లో అమ్మిన టీవీ గేమ్ ఫ్యామికామ్. దాని అడాప్టర్ 10 వోల్టుల డీసీ ఇస్తుంది, పిన్ను లోపలి భాగం మైనస్. అదే గేమ్‌కు అమెరికా రూపమైన ఎన్ఈఎస్ అడాప్టర్ 9 వోల్టుల ఏసీ ఇస్తుంది, ఎందుకంటే ఆ ఏసీని డీసీగా మార్చే డయోడ్లు ఆ సెట్టు లోపలే ఉంటాయి. మన దగ్గర అమ్మినవి ఫ్యామికామ్ వరసలోని నకళ్లు. వాటికి ఏసీ అడాప్టర్ గుచ్చితే బోర్డు దక్కదు. ముందు సెట్టు అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి, ఆ తరువాత మూత విప్పి, లోపల 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్‌కు లైను ఎటు నుంచి పోతున్నదో మీటరుతో చూడండి, అప్పుడే కరెంటు ఇవ్వండి.

రెండో సంగతి. క్యాసెట్టులో నోటితో ఊదవద్దు. ఊపిరి తేమకు రాగి కాళ్లు చిలుము పడతాయి. ఊదినప్పుడు బాగుపడినట్టు అనిపించేది క్యాసెట్టును తీసి మళ్లీ పెట్టినందువల్లనే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ నకళ్ల మీద మనం చిన్నప్పుడు విన్నదీ ఆడినదీ అసలు మారియో కాదు. ఆట నెమ్మదిగా నడిచేది, శబ్దం కూడా తేడాగా ఉండేది. అసలు అనుభవం కావాలంటే ఆ పెట్టెను జ్ఞాపకంగా దాచుకుని వేరే మార్గం చూడండి.

పెన్నా_ఒడ్డు
డాక్టర్ గారూ, అడాప్టర్ గురించి మీరు చెప్పినది శిరోధార్యం. కాని ‘అసలు మారియో కాదు’ అన్న మాటను నేను ఒప్పుకోను. నెల్లూరులో మా వీధి చివరి దుకాణంలో గంటకు 5 రూపాయలు ఇచ్చి, ఒకరి భుజం మీదుగా ఒకరం తొంగి చూస్తూ నేర్చుకున్న ఆట అది. జపాన్ పిల్లవాడికి ఫ్యామికామ్ ఎంత అసలో, మాకు ఆ పేరులేని పెట్టె అంత అసలు. మా ఆటే నెమ్మది అయితే, మీరు చెప్పే ఆ వేగమే మాకు పరాయిది.

బోర్డు_డాక్టర్
మీ జ్ఞాపకాన్ని నేను తక్కువ చేయలేదు, కొలతలు చెప్పాను. జపాన్‌లోనూ అమెరికాలోనూ టీవీ బొమ్మ సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది, పాల్ అనే పద్ధతిలో నడిచే మన టీవీలలో 50 సార్లు. ఆ ఆటలన్నీ బొమ్మ మారిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు వేసేట్టు రాసినవి. కాబట్టి 60కి రాసిన ఆటను 50 మీద ఆడితే అరవైలో యాభై వంతుల వేగమే వస్తుంది. ఇది అభిప్రాయం కాదు, లెక్క.

పెన్నా_ఒడ్డు
లెక్క అయితే పూర్తిగా చెప్పండి. వేగం అంత తగ్గితే పాట శ్రుతి కూడా దిగజారాలి గదా? యూట్యూబులో జపాన్ సెట్టు పాట విని, నా దగ్గరున్న పెట్టె పాట వింటే స్వరస్థానాలు ఇంచుమించు అవే. పాట నిదానంగా సాగుతుంది, అంతే. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవారు దీనికి సమాధానం ఇవ్వాలి.

బోర్డు_డాక్టర్
ఇస్తాను. మీ చెవి తప్పు వినలేదు. శ్రుతిని నిర్ణయించేది ప్రాసెసర్ గడియారం, పాట నడకను నిర్ణయించేది బొమ్మ మారే వేగం. అమెరికా, జపాన్ సెట్లలో ప్రాసెసర్ 1.79 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. యూరప్‌లో నింటెండో అమ్మిన సెట్టులో అది 1.66 మాత్రమే, కాబట్టి అక్కడ మార్పులు చేయని ఆటల్లో శ్రుతి కూడా దిగింది. ఆసియాలోనూ రష్యాలోనూ అమ్ముడైన పాల్ నకళ్లను తయారు చేసినవారు దాన్ని 1.77 దగ్గర నిలిపారు, అందువల్ల శ్రుతి దాదాపు చెడలేదు. ఆ పనితనానికి నేను కూడా నమస్కరిస్తాను. కాని అదే వరస చిప్పులలో చాలావాటిలో ఒక పొరపాటు ఉంది. శబ్దం పుట్టించే చదరపు తరంగంలో 25 శాతం, 50 శాతం వెడల్పులు (తరంగం పైన నిలిచే వంతు) ఒకదాని స్థానంలో ఒకటి పడ్డాయి. స్వరం అదే, గొంతు మారింది. నేను తేడా అన్నది దీన్నే.

ఎడిసన్_తెలుగు
మీరిద్దరూ ఇంతగా వాదించుకుంటున్నారు గాని, దీనికి ఎప్పుడో పరిష్కారం వచ్చింది. నేను న్యూజెర్సీలో ఉంటాను. మిస్టర్ అనే ఎఫ్‌పీజీఏ ఏర్పాటు మీద మూడేళ్లుగా ఆడుతున్నాను. మినీలలో ఉండేది ఎమ్యులేటర్, అంటే పాత చిప్పు చేసే పనిని సాఫ్ట్‌వేర్ అనుకరిస్తుంది. ఎఫ్‌పీజీఏలో లాజిక్ గేట్లనే పాత చిప్పు వరసలో అమర్చుకుంటారు. అందులోని ఎన్ఈఎస్ విభాగంలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి), పాల్, డెండీ అని మూడు ఎంపికలు ఉంటాయి. డెండీ అంటే 1992లో రష్యాలో అమ్మకానికి వచ్చిన నకలు. డాక్టర్ గారు చెప్పిన 50 బొమ్మల, 1.77 మెగాహెర్ట్జ్ లెక్క అదే. దాన్ని ఎంచుకున్న రోజున మా చీరాల ఇల్లు కళ్ల ముందు నిలిచింది. శబ్దం వెడల్పుల తారుమారును కావాలని పెట్టుకునే ఎంపిక కొన్ని ఎమ్యులేటర్లలో కూడా ఉంది. నకలు తప్పును ఇంత శ్రద్ధగా దాచిపెట్టినవారు ఎవరో గాని, వారికి మనం రుణపడి ఉన్నాం.

కాంట్రా_గుంటూరు
ఎడిసన్ గారూ, ఆ బోర్డు, దాని మీద మెమొరీ, పెట్టె, జాయ్‌స్టిక్కులు కలిపి ఇక్కడికి తెప్పించుకుంటే ఎంత అవుతుందో మీకు తెలుసు. అటక మీద పెట్టె దొరికిన మనిషికి వేలకు వేలు పోయమని చెప్పడం సలహా కాదు. ఈ చర్చల్లో ఎప్పుడూ ఇదే జరుగుతుంది, ఉన్నదాన్ని బతికించే మార్గం అడిగినవాడికి లేనిదాన్ని కొనమంటారు.

ఎడిసన్_తెలుగు
కొనమని నేను ఎక్కడా అనలేదు. డబ్బున్నవాడి మాటగా దాన్ని తీసుకోవడం నాకు బాధ కలిగించింది. నా మొదటి సెట్టును మా అమ్మ చిట్టీ డబ్బుతో కొన్నది. అది వానకు తడిసి పోయింది కాబట్టే నేను ఇన్ని తిప్పలు పడ్డాను.

రెండో_ప్లేయర్
ఆడవాళ్లు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నా బాధ కూడా రాస్తాను. విజయవాడలో వేసవికి పెద్దమ్మ ఇంట్లో చేరితే, రోజుకు 50 రూపాయల అద్దెకు టీవీ గేమ్ తెచ్చేవాళ్లు. అన్నయ్యలు మొదటి జాయ్‌స్టిక్కు వదిలేవారు కాదు. రెండో జాయ్‌స్టిక్కుకు స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండేవి కావు. అంటే ఆట మొదలుపెట్టడం గాని, ఏ ఆట ఆడాలో ఎంచుకోవడం గాని, మంచినీళ్లకు లేస్తే ఆపడం గాని నా చేతిలో లేదు. కాంట్రా అనే ఆటలో జలపాతం దశలో అన్నయ్య పైకి ఎగబాకుతుంటే తెర కూడా పైకి జరుగుతుంది, కింద ఉండిపోయిన నేను శత్రువు ఎవరూ ముట్టకుండానే చచ్చిపోయేదాన్ని. అది నా తప్పని ప్రతిసారీ తిట్టేవారు. ఫ్యామికామ్‌లోనే రెండో జాయ్‌స్టిక్కుకు ఆ బటన్లు పెట్టలేదని, వాటి స్థానంలో మైకు పెట్టారని, మన నకళ్లు ఆ లోపాన్ని మైకు లేకుండా తెచ్చుకున్నాయని పెద్దయ్యాక తెలిసింది. ఇప్పుడు నా దగ్గర అసలు మినీ ఉంది. దానితో జాయ్‌స్టిక్కు ఒక్కటే ఇస్తారు, తీగ కూడా చాలా పొట్టి. రెండోది విడిగా కొన్నాను, రెండింటికీ స్టార్ట్ ఉంది. అటక గారూ, మీ అబ్బాయికి మొదటి జాయ్‌స్టిక్కు ఇవ్వండి.

డబ్బాటీవీ_ఆదిలాబాద్
తుపాకి సంగతి నేను చెబుతాను. ఎల్ఈడీ టీవీ మీద పనిచేయదు. బాతుల ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర మొత్తం నల్లబడి, మరుక్షణం బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చదరం వెలుగుతుంది. రెండు బాతులుంటే ఒకదాని తరువాత ఒకటి. గొట్టంలోని సెన్సర్ ఆ చదరం వెలుగును, సరిగ్గా ఆ క్షణంలోనే చూడాలి. కొత్త టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపుతుంది, పైగా డబ్బా టీవీ గీతలు గీసే వేగాన్ని బట్టి అమర్చిన సర్క్యూట్‌కు అక్కడ ఏమీ దొరకదు. మినీలోని 30 ఆటల్లో ఈ ఆటే లేదు. నేను ఒక టైలరింగు షాపులో బట్టల మూటల కింద ఉన్న 14 అంగుళాల డబ్బా టీవీని బతిమాలి తెచ్చుకుని, మా ఇంట్లో 1 నుంచి 20 దాకా రౌండ్లు ఆడాను. చూసేవాళ్లు పిచ్చి అన్నారు, నేను పట్టించుకోలేదు. అయితే ఆ టీవీ మూత మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి.

పెన్నా_ఒడ్డు
మూడు క్యాసెట్లలో ఏముందో అటక గారు ఇంకా చెప్పలేదు. ‘9999 ఇన్ 1’ లాంటిది ఉందా? నేను ఒకదాన్ని పూర్తిగా లెక్కపెట్టాను, వేరు వేరు ఆటలు ఏడే వచ్చాయి. మిగతావన్నీ అదే రోడ్ ఫైటర్‌ను, అదే సర్కస్‌ను పై దశ నుంచో, రంగు మార్చో, ప్రాణాలు పెంచో మొదలుపెట్టేవి. తొలినాటి ఆటలు ఒక్కొక్కటి 40 కిలోబైట్లకు మించవు కాబట్టి అవి ఒక చిప్పులో సులువుగా ఇమిడాయి. కాంట్రా ఒక్కటే 128 కిలోబైట్లు, అందుకే దానికి విడి క్యాసెట్టు కొనవలసి వచ్చేది.

డాక్టర్ గారూ, మన వాదన తేలలేదు. ఆ పెట్టె వేగాన్ని ఇంట్లోనే కొలిచే మార్గం ఉందా?

బోర్డు_డాక్టర్
ఉంది. మారియోలో సమయం 400 నుంచి మొదలవుతుంది. ఆ అంకె 24 బొమ్మలకు ఒకటి చొప్పున తగ్గుతుంది, అంటే మొత్తం 9,600 బొమ్మలు. సెకనుకు 60 అయితే 2 నిమిషాల 40 సెకన్లలో, 50 అయితే 3 నిమిషాల 12 సెకన్లలో సున్నాకు రావాలి. మారియోను మొదట నిలబడిన చోటే కదలకుండా ఉంచి గడియారం చూడండి. అటక గారి సెట్టు లేచిన తరువాత ఆయనే చూసి చెప్పాలని నా మనవి. పెన్నా గారూ, ‘అసలు కాదు’ అనడం నా నోటి దురుసు. నకలు అని ఉండవలసింది.

అటకమీది_పెట్టె
ఆలస్యానికి క్షమించండి. స్టిక్కర్ మీద 9 వోల్టుల డీసీ అని, లోపల మైనస్ గుర్తు ఉన్నాయి. మీటరుతో సరిచూసుకుని అలాంటి అడాప్టరే కొన్నాను. మొదట నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. 7805 నుంచి బయటికి 5 వోల్టులు రావడం లేదు. మా వీధి రేడియో మెకానిక్ గారు దాన్ని మార్చారు. క్యాసెట్టు కాళ్లను దూదితో తుడిస్తే మొదట నల్లగా, తరువాత ఆకుపచ్చగా మురికి వచ్చింది. మూడో దూది తెల్లగా వచ్చాక పెట్టి స్విచ్ వేశాను. ఏవీ తీగతో ఎల్ఈడీ టీవీకి కలిపితే బొమ్మ వచ్చింది గాని గెంతు ఆలస్యం అవుతున్నది, కాబట్టి డబ్బా టీవీ కోసం వెతుకుతున్నాను.

మా వాడికి మొదటి జాయ్‌స్టిక్కు ఇచ్చాను. మారియోను కదపకుండా ఉంచమంటే వాడికి మహా కష్టమైంది, అయినా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు. సెల్‌ఫోన్ గడియారంలో 3 నిమిషాల 11 సెకన్లు వచ్చింది.

పెన్నా_ఒడ్డు
ఆ పాటను ఆ సెట్టు నుంచి నేరుగా రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. నా పెట్టెది కూడా ఈ రాత్రికే పెడతాను.

బోర్డు_డాక్టర్
రికార్డు చేసేటప్పుడు టీవీ స్పీకర్ ముందు ఫోను పెట్టవద్దు, ఏవీ తీగలో తెల్లది నేరుగా కంప్యూటర్‌కు ఇవ్వండి. ఆ మెకానిక్ గారు మూత మళ్లీ విప్పితే పెద్ద చిప్పుల మీద ఉన్న అంకెలను ఫోటో తీయమనండి, వెడల్పులు తారుమారైన చిప్పు అవునో కాదో నేను చూస్తాను.