కుబుసం విడిచే ముందు బాల్ పైథాన్‌కి తిండి పెట్టాలా, ఆపాలా?

ప్రశ్న (డల్లాస్ దగ్గర నుంచి):
మా అబ్బాయికి పదకొండేళ్లు. ఏడాది పాటు బతిమాలితే పోయిన వేసవిలో బాల్ పైథాన్ (ఆఫ్రికా రకం చిన్న కొండచిలువ, విషం ఉండదు) కొనిచ్చాం. ఇప్పుడు 610 గ్రాములుంది. ఫ్రోజెన్ ఎలుకని కరిగించి, వేడినీళ్లలో వెచ్చబెట్టి వారానికొకటి పెడితే ఇన్నాళ్లూ ఠక్కున పట్టుకునేది. ఇప్పుడు పొట్ట గులాబీ రంగుకి తిరిగింది, ఒళ్లంతా బూడిద పూసినట్టుంది, నిన్నటికి కళ్లు కూడా పాలు కలిపినట్టు నీలంగా అయిపోయాయి. రాత్రి పట్టకారుతో ఎలుకని అందిస్తే తల వెనక్కి లాక్కుని బుస కొట్టింది. తిని పదిహేను రోజులైంది. వాడేమో అది చచ్చిపోతుందని నిద్రపోవట్లేదు, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ "పోనీ కాసిని పాలైనా పొయ్యండిరా" అంటోంది. ఇవాళ మళ్లీ ఎలుకని పెట్టి చూడమంటారా?

జవాబు 1:
వద్దండీ, టెన్షన్ పడకండి. పాముకి కనురెప్పలుండవు, కంటి మీద అద్దం లాంటి పొలుసు ఒకటుంటుంది, అది కూడా కుబుసంతో పాటే ఊడుతుంది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం ఊరుతుంది కాబట్టే ఆ నీలం రంగు. ఆ రోజుల్లో సరిగ్గా కనపడదు, అందుకే బెదురు. కొన్ని రోజులకి కళ్లు మళ్లీ తేటపడతాయి, అక్కడే చాలామంది అయిపోయిందనుకుని ఎలుకని పెట్టేస్తారు, కానీ కుబుసం ఊడేది ఇంకో మూడు నాలుగు రోజుల తర్వాత. అప్పటిదాకా ఆగండి. ఆ బరువున్న పాముకి పదిహేను రోజులు ఓ లెక్క కాదు, పెద్దవి చలికాలంలో నెలల తరబడి కూడా ముట్టవు. వారానికోసారి వంటింటి కాటా మీద తూచండి, పదో వంతు తగ్గితే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊడిన ఒకటి రెండు రోజులకి ఎప్పుడూ పెట్టే సైజే పెట్టండి, ఆకలితో ఉంది కదా అని పెద్దది పెడితే కక్కేస్తుంది. తిన్నాక రెండు రోజులు చేత్తో పట్టుకోవద్దని బాబుకి చెప్పండి.

జవాబు 2:
తిండి సంగతి అలా ఉంచండి, తేమ ఎంతుందో చూశారా? నాకు మొదటి చలికాలం ఇంట్లో హీటర్ వల్ల ముప్పై శాతానికి పడిపోయింది, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, తోక చివర ఉంగరంలా బిగుసుకుని ఒక ముక్క, ఒక కంటి మీద పొర మిగిలిపోయాయి. ఆ పొరని నేను లాగబోయాను, అలా చేస్తే కన్నే పోతుందని డాక్టర్ తిట్టారు. ఇప్పుడైతే పొట్ట రంగు మారగానే ఒక ప్లాస్టిక్ డబ్బాకి పాము ఒళ్లు సులువుగా దూరేంత కంత చేసి, తడిపి గట్టిగా పిండిన నాచు వేసి లోపల పెడతాను, తేమ డెబ్బై దగ్గర ఉంచుతాను. ఊడిన కుబుసాన్ని వెంటనే పారేయకండి. తిరగేసిన మేజోడులా ఒకే ముక్కగా రావాలి, తల దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తే రెండు కళ్ల పొరలూ గుండ్రంగా కనపడాలి.

జవాబు 3:
పాలు మాత్రం వద్దండీ. చవితికి పుట్టలో మనమూ పోస్తాం, ఆ నమ్మకం వేరు, కానీ పాము మాంసం తినే జీవి, దానికి పాలు అరగవు. రోజూ గిన్నెలో మంచినీళ్లు మార్చే పని అమ్మగారికి అప్పజెప్పండి. ఇంకోటి, ఇది చదివి ఊళ్లో జెర్రిపోతుని పెంచుదామనుకునే కుర్రాళ్లు ఎవరైనా ఉంటే, మన దేశపు పాములని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న అడిగినాయన:
తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఊడిందండీ, ఒకే ముక్క! మావాడు టార్చి వేసి రెండు కళ్ల పొరలూ వెతికి చూపించాడు. బరువు 596. మర్నాడు రాత్రి ఎలుకని అలా చూపించానో లేదో లాగేసుకుంది. నీళ్లు ఇప్పుడు మా అమ్మే మారుస్తోంది.