కంది పూల మీద, మందు మొక్కల మీద పనిచేయాలంటే బోటనీ చదివితే సరిపోతుందా?

తాండూరు అమ్మాయి అడిగిన ప్రశ్న:

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. అమ్మమ్మ వాళ్లది తాండూరు దగ్గర పల్లె. తాతయ్య ఏటా కంది వేస్తారు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ పేపరు కత్తిరించి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. సెలవుల్లో అక్కడికి వెళ్తే నేను చేలోనే ఉంటాను. పూత మీద వాలే తేనెటీగలను చూస్తూ కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

ఇప్పుడు పైచదువు నిర్ణయించుకోవాలి. పెద్దనాన్న "బోటనీ చదివితే పాఠాలు చెప్పుకోవడం తప్ప ఏముంది? బయోటెక్నాలజీ తీసుకో, లేదంటే బీఈడీ చెయ్యి" అంటున్నారు. బోటనీ ఎమ్మెస్సీతో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ సంస్థల్లో పంటల పరిశోధనకు వెళ్లవచ్చా? ఔషధ మొక్కల వైపు ఏమైనా ఉందా? పరాగ సంపర్కం మీద పనిచేసి బతికేవాళ్లు నిజంగా ఉన్నారా? ఈ రంగంలో ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఒక పరిశోధక విద్యార్థి జవాబు:

వెళ్లవచ్చు. అయితే కొన్ని విషయాలు ముందే తెలుసుకోండి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ బోటనీకి గానీ జెనెటిక్స్‌కు గానీ సీపీగెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. ఇక పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే జాతీయ పరీక్ష నెట్. బోటనీకి యూజీసీ నెట్‌లో విడిగా పేపరు లేదు. సీఎస్ఐఆర్ నెట్‌లో జీవశాస్త్రాల పేపరే రాయాలి. అందులో ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, తర్వాత సీనియర్ దశలో 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం వేరు.

ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) శాస్త్రవేత్తల నియామకాల్లో చాలా శాఖలకు వ్యవసాయ డిగ్రీయే అడుగుతారు. మొక్కల జన్యు వనరులు, ఆర్థిక వృక్షశాస్త్రం వంటి కొన్నింటికే బోటనీవాళ్లను తీసుకుంటారు. ప్రకటన వచ్చినప్పుడు అర్హతల పట్టికను అక్షరం అక్షరం చదవండి. అదే సంస్థల్లో పరిశోధక సహాయకులుగా, పీహెచ్‌డీ విద్యార్థులుగా చేరడానికి మాత్రం బోటనీవాళ్లకు అవకాశాలు ఎక్కువ.

కంది ప్రజననంలో పనిచేసి విరమించిన ఒకరి జవాబు:

అమ్మా, నాది కూడా బోటనీయే. ప్రజననం అంటే కొత్త రకాలు తయారుచేయడం; ఉద్యోగ జీవితమంతా కంది పూల మధ్యే గడిచింది. నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు గానీ నాకు అవి ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. అందుకే కంది పువ్వు నుంచే మొదలుపెడతాను.

పూత కాలంలో తాతయ్య చేలోకి వెళ్లినప్పుడు, మర్నాడు విచ్చబోయే మొగ్గను ఒకటి తుంచి గోటితో మెల్లగా విప్పు. పైన పెద్ద రేకు ధ్వజం, పక్కన రెండు బాహువులు, అడుగున ఒకదానికొకటి అతుక్కున్న ద్రోణులు. వాటి లోపల పది కేసరాలు, తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా. పరీక్షలో ద్విబంధకం అని రాసే ఉంటావు. ఇప్పుడు భూతద్దం పెట్టు. మొగ్గ ఇంకా విచ్చనే లేదు, అప్పుడే పుప్పొడి తిత్తులు పగిలి పసుపు పొడి కీలాగ్రానికి, అంటే పువ్వు ఆడ భాగపు కొనకు, అంటుకుని ఉంటుంది. అంటే ఈ పువ్వు ఎవరి సాయమూ లేకుండానే కాయ కట్టగలదు. కానీ పువ్వు విచ్చాక తేనెటీగ వచ్చి ద్రోణుల మీద వాలుతుంది. ఆ బరువుకు రేకులు కిందికి వంగుతాయి, కేసరాలు బయటికి వచ్చి ఈగ పొట్టకు పుప్పొడి రాస్తాయి. ఆ ఈగ అక్కడి నుంచి పక్క చేలోకి పోతుంది. సగటున ఐదు గింజల్లో ఒకటి ఇలా పరాయి పుప్పొడితో కట్టినదే. చోటును బట్టి, ఆ ఏటి ఈగల రాకను బట్టి ఈ లెక్క చాలా మారుతుంది.

ఈ ఒక్క సంగతి చుట్టూ ఎంత పని ఉందో చూడు. ఎండు తెగులును, గొడ్డుమోతు తెగులును తట్టుకునే 'ఆశ' అనే కంది రకం వేసిన రైతు తన గింజనే దాచుకుని మళ్లీ మళ్లీ వేస్తే, ఈగలు తెచ్చే పుప్పొడితో ఆ గుణం కొన్నేళ్లకు పలచబడుతుంది. అందుకే మూల విత్తనం కట్టే చోట మొక్కలకు వల కప్పుతారు, లేదా చుట్టూ చాలా దూరం వేరే కంది లేకుండా చూస్తారు. ఎంత దూరం ఉండాలో తేల్చాలంటే ఈగలు ఎంత దూరం పోతాయో తెలియాలి. అది బోటనీ చదివినవారు పొలంలో నిలబడి తేల్చిన విషయం.

అదే ఈగ ఒక మేలు కూడా చేసింది. కందిలో సంకర (హైబ్రిడ్) విత్తనం చేతితో కట్టడం వ్యాపార స్థాయిలో అయ్యే పని కాదు. పువ్వు చిన్నది, కట్టే గింజలు నాలుగైదు. పుప్పొడి లేని మగ వంధ్య మొక్కలు దొరికితే మిగతా పని ఈగలే చేసిపెడతాయి. 1991లో వచ్చిన ఐసీపీహెచ్ 8 అనే సంకర కంది అలా తయారైనదే. కానీ ఆ పద్ధతిలో ఆడ వరుసల్లో సగం మొక్కలకు పుప్పొడి ఉంటుంది. పూత రాగానే ఒక్కో మొక్క పుప్పొడి తిత్తి రంగు చూసి వాటిని పీకేయాలి. కూలి ఖర్చుకు తట్టుకోలేక విత్తనం కట్టేవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ తర్వాత కంది శాస్త్రవేత్త కె.బి. సక్సేనా బృందం పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంట పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో కజానస్ కజానిఫోలియస్ అనే అడవి కంది కణద్రవ్యాన్ని (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థాన్ని) సాగు కందిలోకి తెచ్చి ఆ చిక్కు విప్పింది; ఇలా చేస్తే ఆడ వరుసల్లో మొక్కలన్నీ పుప్పొడి లేనివే అవుతాయి, పీకే పని ఉండదు. పుష్కల్ అని పేరు పెట్టిన ఐసీపీహెచ్ 2671 దాని ఫలం. పప్పుధాన్యాల్లో ఆ పద్ధతిలో వచ్చిన మొదటి వాణిజ్య సంకరం ప్రపంచంలోనే అది.

ఆ అడవి కందిని కొండల్లో గుర్తుపట్టి, గింజ ఏరి, చీటీ రాసి పెట్టినవారు ఎవరో ఒకరు ఉండబట్టే కదా ఇదంతా జరిగింది! పటాన్‌చెరు జన్యు బ్యాంకులో చల్లటి గదుల్లో ఉన్న ప్రతి విత్తనపు పొట్లం వెనకా అలాంటి మనిషి ఒకరున్నారు. 2011లో కంది జన్యుక్రమం వెలువడినప్పుడు చదివినది కూడా ఆశ రకాన్నే. బయోటెక్నాలజీ వద్దని నేను అనను. ఆ పనిముట్లు నేర్చుకో. కానీ ఏ మొక్క ఆకు తుంచి పంపాలో, ఆ మొక్కలో చూడవలసిన తేడా ఏమిటో చెప్పగల మనిషి లేకపోతే ఆ యంత్రాలు ఏం చదువుతాయి? ఆ మనిషి కొరత ఇప్పుడు చాలా ఉంది. నా చివరి సంవత్సరాల్లో పరిచయమైన పిల్లలు తెర మీద జన్యువులను చకచకా వెతికేవారు. చేలో నిలబెట్టి తెగులు తగిలిన మొక్క ఏది, నీళ్లు చాలక వాడినది ఏది అంటే తడబడేవారు. నాకు దిగులేసేది.

వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ గురించి తప్పకుండా చదువు. కోయంబత్తూరులో చెరకు క్రోమోజోముల మీద పనిచేశారు. 1945లో ఆంగ్ల శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల గ్రంథం వెలువరించారు. పెద్ద వయసులో మద్రాసు దగ్గర మధురవాయల్‌లో ఔషధ మొక్కల తోట పెంచారు. పంట, మందు మొక్క అని ఆమె గిరి గీసుకోలేదు.

పెద్దనాన్నగారి భయాన్ని మాత్రం తీసిపారేయకు. ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు తాత్కాలికం. ప్రాజెక్టు అయిపోయాక కొత్తది దొరికే దాకా చేతిలో ఏమీ ఉండని నెలలు వస్తాయి. ఇంట్లో ముందుగానే కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోండి. విత్తన కంపెనీలు హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నంతగా దేశంలో ఇంకెక్కడా లేవని నేను గట్టిగా చెప్పగలను. విత్తన నాణ్యత పరీక్షలకు, పొలం తనిఖీలకు బోటనీవాళ్లను తీసుకుంటారు. గద్వాల వైపు పత్తి విత్తనం కట్టే చేలకు ఒకసారి వెళ్లి చూడు. సాయంత్రం మొగ్గలోని పుప్పొడి తిత్తులు తీసేసి, మర్నాడు ఉదయం మగ వరుసల నుంచి పువ్వు తెచ్చి కీలాగ్రానికి రాస్తారు. దాన్ని వాళ్లు క్రాసింగు అంటారు. పరాగ సంపర్కం మీద బతుకుతున్నవారు ఉన్నారా అని అడిగావు కదా, అక్కడ ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి.

ఔషధ మొక్కల నాణ్యత చూసే ఒకరి జవాబు:

మందు మొక్కల సంగతి నేను చెబుతాను. మూలికలు కొనే కంపెనీలకు పెద్ద తలనొప్పి కల్తీ. అశోక చెక్క అని వచ్చే బస్తాలో నరమామిడి చెక్క ఉంటుంది. తిప్పతీగ పేరుతో దాని జాతికే చెందిన ఇంకో తీగ వస్తుంది; దాని కాండం నిండా బొడిపెలు ఉంటాయి. ఎండి ముక్కలైన చెక్కను సన్నగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసి ఏది ఏదో చెప్పాలి. నేను చేసేది ఆ పనే. డిగ్రీలో కాండం అడ్డుకోతలు బొమ్మలు వేయించినప్పుడు విసుక్కోకుండా నేర్చుకున్నవాళ్లకు ఇందులో పని దొరుకుతుంది.

హైదరాబాద్‌లోనే బొటానికల్ సర్వేవారి దక్కన్ కేంద్రం ఉంది. బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్‌వారి పరిశోధన కేంద్రం ఉంది. ముందు మొక్కను ఒత్తి, ఎండబెట్టి, కాగితానికి అతికించి హెర్బేరియం షీటు చేయడం చక్కగా నేర్చుకోండి. పువ్వో కాయో లేని కొమ్మ తెస్తే గుర్తింపు కష్టం. ఎక్కడ తెంపారు, ఏ తేదీ, పువ్వు రంగు ఏమిటి అన్నవి అక్కడికక్కడే రాయాలి. ఎండితే రంగు పోతుంది. అనంతగిరి కొండలు మీ అమ్మమ్మ వాళ్ల ఊరికి దగ్గరే కదా, మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

పాలమూరు రైతుబిడ్డ జవాబు:

కంది ఒక్కటే కాదండీ. మా బాలానగర్ సీతాఫలం పువ్వులో ముందు ఆడ భాగం సిద్ధమవుతుంది, పుప్పొడి ఆ తర్వాత రాలుతుంది. అందుకని తన పుప్పొడి తనకు అందదు. చిన్న పెంకు పురుగులు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు తిరిగితేనే కాయ. పండు మీద ఒక్కో కన్ను ఒక్కో అండాశయం. పుప్పొడి అందని వైపు కన్నులు ఊరవు, కాయ వంకర పోతుంది. బ్రష్షుతో పుప్పొడి రాసిన చెట్ల కాయలు గుండ్రంగా, నిండుగా వస్తాయి. మార్కెట్లో వంకర కాయకు, గుండ్రటి కాయకు ధరలో తేడా ఎంతో అమ్మేవాళ్లకు తెలుసు. ఇది చేసి చూపించే చదువుకున్నవాళ్లు మా ఊళ్లకు రావాలి.

తాండూరు అమ్మాయి:

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ పెద్దనాన్నకు చదివి వినిపించాను. "సరే, ఎంట్రన్సు రాయి" అన్నారు. కంది పువ్వు గురించి చెప్పిన మేడమ్, ఈసారి కంది పూతకు ఊరికి వెళ్తాను. చదువు మొదలయ్యే లోపు నేను సొంతంగా చేయగలిగినది ఏమైనా ఉందా?

కంది ప్రజననంలో పనిచేసి విరమించిన ఒకరి జవాబు:

ఉందమ్మా. పలుచని మల్లు గుడ్డతో సంచులు కుట్టుకో. పాలిథిన్ వద్దు, లోపల చెమ్మ పట్టి పూత కుళ్లుతుంది. మొగ్గలు విచ్చకముందే కొన్ని కొమ్మలకు సంచి కట్టు, అదే మొక్కలో అంతే పూత ఉన్న కొమ్మలకు రంగు దారం మాత్రమే కట్టు. సంచి కట్టే ముందు గూడు కట్టిన మారుకా పురుగు లోపల లేకుండా చూసుకో, లేకపోతే నీ లెక్కంతా అది తినేస్తుంది. పూత అయ్యాక రెండింటిలో కాయలు లెక్కపెట్టు, ఒక్కో కాయలో గింజలు కూడా. సంచిలో కూడా కాయలు కడతాయి, ఎందుకో నీకు ఇప్పుడు తెలుసు. రెండు చోట్లా చాలా పూత రాలిపోతుంది, కందిలో అది మామూలే, కంగారుపడకు.

ఉదయం నుంచి గంటగంటకూ ఒకే మొక్క దగ్గర కాసేపు నిలబడి ఏ ఈగ ఎన్ని పూల మీద వాలిందో రాయి. పెద్ద తేనెటీగను, ఆకులు కత్తిరించే ఈగను విడివిడిగా రాయి. రెండోదానికి పొట్ట అడుగున పుప్పొడి అంటి ఉంటుంది, తేలిగ్గా గుర్తుపట్టవచ్చు. తాతయ్య పురుగుమందు కొట్టవలసి వస్తే ఈగలు వెళ్లిపోయాక సాయంత్రం కొట్టమని చెప్పు. కొట్టిన తేదీ, మందు పేరు కూడా నోటుబుక్కులో ఉండాలి. లెక్కలు ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.