సిడ్నీ-హోబార్ట్ పడవ పందెం బహుమతుల వేడుకకు ఎప్పుడు వెళ్లాలి?

అందరికీ నమస్కారం, మాది హనుమకొండ. సిడ్నీలో ఉండే మా మేనల్లుడు ఈసారి డిసెంబర్ 26న మొదలయ్యే తెరచాప పడవల పందెంలో ఒక పడవ సిబ్బందిగా వెళ్తున్నాడు, 628 నాటికల్ మైళ్లు, అక్కకు ఇప్పటి నుంచే ఒకటే టెన్షన్. వాడు ఒడ్డు చేరేసరికి మేం పందెం ముగిసే హోబార్ట్‌లో (ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో ఉంది) ఉండాలని కోరిక.

ముందు చేరిన పడవే మొత్తం పందెం గెలిచినట్టు కాదట. 2017లో కొమాంచీ అనే పడవ 1 రోజు 9 గంటల 15 నిమిషాల్లో చేరి రికార్డు పెట్టింది, కానీ అసలు గొప్పగా చెప్పుకునే టాటర్సాల్ కప్ (మొత్తం పందెం విజేతకిచ్చేది) మాత్రం పడవ సైజు వంటివాటిని బట్టి సమయం సరిచేసి ఇస్తారు. అంటే చిన్న పడవలూ చేరేదాకా ఆగాలి కదా? మా వాడిది చిన్న పడవే, నాలుగైదు రోజులు పట్టొచ్చట.

మరి తిరుగు టికెట్ ఏ తేదీకి తీసుకోవాలి? బహుమతుల సభకు ఇంటివాళ్లను రానిస్తారా? హోబార్ట్ రేవులోని కాన్‌స్టిట్యూషన్ డాక్ దగ్గర పడవ కట్టగానే శాలువా కప్పి, పెంబర్తి ఇత్తడి జ్ఞాపిక ఇద్దామనుకుంటున్నాం, అప్పుడు బాగుంటుందా, లేక వాళ్లు నిద్రపోయి లేచాక ఇవ్వాలా? అక్క సకినాలు కూడా తెస్తానంటోంది, ఎయిర్‌పోర్టులో చెప్పి తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.