అప్‌డేట్: మా షాపు పేరుతో ఛార్జింగ్ కేబుళ్లు, శాంపిళ్లు వచ్చాక

పోయిన నెల అడిగాను కదా, ఒంగోలులో ట్రంక్ రోడ్డు పక్కనున్న మా మొబైల్ షాపు పేరు వేయించి వెయ్యి టైప్-సి కేబుళ్లు చేయించుకోవచ్చా అని. డబ్బు కట్టకముందే శాంపిల్ తెప్పించుకోమన్న అన్నకి ముందుగా ఒక దండం.

ఐదు శాంపిళ్లు వచ్చాయి. పైకి ముచ్చటగానే ఉన్నాయి. కానీ షాపులో కుర్రాడు శానిటైజర్ పూసి గుడ్డతో నాలుగుసార్లు రుద్దేసరికి మా పేరులో సగం గుడ్డకి అంటుకుంది! లేజర్‌తో చెక్కమన్నాను. కేబుల్‌కి రెండు రూపాయలు ఎక్కువ, పోతే పోయింది.

అసలు సంగతి వేరే. కొటేషన్‌లో 100 వాట్లు అని రాశారు, అంటే 20 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు పోవాలి. రెండు పక్కలా టైప్-సి ఉన్న కేబుల్లో 3 ఆంపియర్లు దాటి కరెంటు పోవాలంటే లోపల ఈ-మార్కర్ చిప్ (ఈ కేబుల్ ఎంత కరెంటు మోయగలదో ఛార్జర్‌కి చెప్పే చిన్న చిప్) ఉండాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి తగిలించి మీటర్ పెడితే 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు దాటలేదు, అంటే 60 వాట్లే. పిన్ను కోసి చూశాం, చిప్ లేదు. కేబుళ్లు చేసిచ్చే అతనికి ఫోన్ చేసి అడిగితే "అందరూ అలాగే రాస్తారండీ" అన్నాడు.

చివరికి 60 వాట్లవే తీసుకుంటున్నాను, పెట్టె మీద కూడా 60 అనే వేయించి. వెయ్యి కాదు, 300. అడ్వాన్స్ 30 శాతం. మిగతాది సరుకు దిగి, ప్రతి అట్టపెట్టెలోంచి పది తీసి మీటర్ పెట్టి చూశాకే. 18 శాతం జీఎస్టీ మాత్రం మొదట్లో లెక్కేసుకోలేదు, అక్కడ తల గోక్కున్నాను.